ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ వేరియన్స్: డబ్బు పోయిందా, పని తగ్గిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తున్నారు. నెలకు స్థిర ఓవర్‌హెడ్ (సరుకు ఎంత తీసినా మారని ఖర్చులు) బడ్జెట్ రూ. 12,00,000. పాలిషింగ్ లైను 25 రోజులు, రోజుకు 16 గంటలు, మొత్తం 400 గంటలు నడిచి 60,000 చదరపు అడుగులు ఇవ్వాలి. నడిచింది 23 రోజులు, లైను తిరిగింది 340 గంటలు, వచ్చిన సరుకు 48,000 అడుగులు. పుస్తకాల్లో పడ్డ స్థిర ఖర్చు రూ. 12,54,000. వేరియన్స్, అంటే ఉండాల్సిన అంకెకూ అసలు అంకెకూ తేడా, లెక్కేస్తే రూ. 2,94,000 ప్రతికూలం వచ్చింది. ఆ కాగితం చూసి ఓనరుగారు "ఏందయ్యా, ఇంత డబ్బు యాడికి పోయింది?" అన్నారు. ఆయనకు ఏం చెప్పాలన్నది మీ సందేహం.

ముందు జవాబు చెబుతాను, లెక్క తర్వాత చూద్దాం. ఆ 2,94,000లో బడ్జెట్ మీద అదనంగా ఖర్చు రాసింది 54,000 మాత్రమే, అందులోనూ చాలావరకు తప్పు నెలలో పడ్డ ఖర్చే అయ్యుండొచ్చు. మిగతా 2,40,000 ఎవరి చేతికీ పోలేదు. షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, తరుగుదల, కరెంటు డిమాండ్ చార్జీ 60,000 అడుగులు తీసినా 48,000 తీసినా అంతే. వాటిని మోయాల్సిన సరుకు తగ్గింది కాబట్టి మోయకుండా మిగిలిపోయిన భాగం అది. ఈ రెంటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తే ఎవరైనా దొంగతనం జరిగిందనే అనుకుంటారు. ఓనరుగారి తప్పేం లేదు.

ఇక లెక్క. 12,00,000ని 400 గంటలతో భాగిస్తే గంటకు రూ. 3,000. గంటకు 150 అడుగులు ప్రమాణం కాబట్టి అడుగుకు రూ. 20. ప్రతి అడుగు సరుకు బయటికి వచ్చినప్పుడల్లా మనం స్థిర ఖర్చులో 20 రూపాయలు దాని నెత్తిన వేస్తాం. 48,000 అడుగుల మీద పడ్డది 9,60,000. దీన్నే అబ్సార్బ్ అయిన ఓవర్‌హెడ్ అంటాం. 9,60,000కూ 12,54,000కూ మధ్య తేడా మీ 2,94,000.

ఆ తేడాను మొదట రెండుగా విడగొట్టాలి. బడ్జెట్ 12,00,000 నుంచి అసలు ఖర్చు 12,54,000 తీసేస్తే 54,000 ప్రతికూలం, ఇది ఎక్స్‌పెండిచర్ వేరియన్స్. అబ్సార్బ్ అయిన 9,60,000 నుంచి బడ్జెట్ 12,00,000 తీసేస్తే 2,40,000 ప్రతికూలం, ఇది వాల్యూమ్ వేరియన్స్. రెండింటికీ నడిమి మెట్టు అసలు బడ్జెట్టే. ఎక్కువమంది జారేది ఇక్కడే. సరుకు 80 శాతమే వచ్చింది కదా అని బడ్జెట్‌ను కూడా 80 శాతానికి కుదించి, 9,60,000 కావలసిన చోట 12,54,000 ఖర్చు పెట్టారని రాసేస్తారు. సెగ్మెంట్లు, రెజిన్, జనరేటర్ డీజిల్ లాంటి చర ఖర్చులకు (సరుకును బట్టి మారేవాటికి) అలా కుదించడం సరైన పద్ధతే. స్థిర ఖర్చుకు కుదింపు లేదు. సరుకు తగ్గిందని షెడ్డు ఓనరు అద్దె తగ్గించుకోడు.

ఇప్పుడు ఆ 54,000. దీన్ని మొత్తంగా చూస్తే ఏమీ తెలియదు, ఖాతా ఖాతాగా బడ్జెట్ పక్కన పెట్టుకుని చూడాలి. ఇలాంటి యూనిట్లలో మొదట తెరవాల్సింది ఇన్సూరెన్స్ ఖాతా. ఏడాది ప్రీమియం 48,000 ఈ నెలలో కట్టి, మొత్తం ఈ నెల ఖర్చుగానే రాశారనుకోండి. బడ్జెట్‌లో నెలకు 4,000 ఉంటుంది. అంటే 44,000 ఈ నెలది కానే కాదు, ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్‌కు మార్చాలి. అప్పుడు అసలు ఖర్చు 12,10,000, ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ 10,000. అది రాత్రి షిఫ్టుకు పెట్టిన అదనపు వాచ్‌మన్ జీతం లాంటిదై ఉంటుంది, దానికి ఎవరు ఒప్పుకున్నారో ఒక్క ఫోనుతో తేలిపోతుంది. ఏడాదికోసారి ఇచ్చే బోనస్, లైసెన్సు ఫీజులు, ఆస్తిపన్ను కూడా ఇలాగే చూడండి. పన్నెండు నెలలకు సర్దకపోతే ఒక నెల దుబారా, పదకొండు నెలలు పొదుపు కనిపిస్తాయి. రెండూ అబద్ధాలే.

కరెంటు బిల్లు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బిల్లులో రెండు రకాల సొమ్ము ఉంటుంది. డిమాండ్ చార్జీ కేవీఏ (కనెక్షన్ లోడు) లెక్కన పడుతుంది, ఎనర్జీ చార్జీ కాల్చిన యూనిట్ల మీద పడుతుంది. మొదటిది స్థిరం, రెండోది చరం. బిల్లు మొత్తాన్ని ఒకే ఖాతాలో వేసి స్థిరం అనేస్తే, లైను తక్కువ తిరిగిన నెలలో ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ అనుకూలంగా వచ్చి, వాచ్‌మన్ 10,000ను మింగేస్తుంది. బిల్లు వచ్చిన రోజే రెండు వోచర్ లైన్లుగా రాయండి. స్లర్రీ ఎత్తే ట్రాక్టర్ ఖర్చూ ఇంతే: నెలకింతని మాట్లాడుకుంటే స్థిరం, ట్రిప్పుకింతని అయితే చరం. పేరు చూసి కాదు, డబ్బు కట్టే తీరు చూసి నిర్ణయించాలి.

వాల్యూమ్ వేరియన్స్ 2,40,000 మూడు ముక్కలవుతుంది. ఇందులో ప్రతి ముక్కా గంటల తేడా, దాన్ని గంటకు 3,000తో గుణించడం తప్ప ఇంకేమీ లేదు. అందుకే రూపాయలు మరిచిపోయి గంటలతో ఆలోచిస్తే ఎప్పటికీ తికమక ఉండదు. గంటలు నాలుగే: బడ్జెట్ 400, తెరిచిన రోజుల ప్రకారం దొరకాల్సినవి 368 (23 రోజులు × 16), లైను నిజంగా తిరిగినవి 340, వచ్చిన సరుకుకు ప్రమాణం ప్రకారం పట్టాల్సినవి 320 (48,000 ÷ 150). 400 నుంచి 368కి దిగిన 32 గంటలు క్యాలెండర్ వేరియన్స్, 96,000. 368 నుంచి 340కి దిగిన 28 గంటలు కెపాసిటీ వేరియన్స్, 84,000. 340 నుంచి 320కి దిగిన 20 గంటలు ఎఫిషియెన్సీ వేరియన్స్, 60,000. మూడూ కలిపితే 2,40,000. కలవకపోతే ఏదో ఒక గంటల అంకె తప్పు రాశారన్నమాట.

పరీక్ష రాసేవాళ్లకు ఒక్క మాట. ప్రశ్నలో రోజులు ఇవ్వకపోతే క్యాలెండర్ వేరియన్స్ ఉండదు, 400 నుంచి 340 వరకు మొత్తం 60 గంటలూ కెపాసిటీకే పోతాయి. రోజులు ఇచ్చినప్పుడు కూడా కెపాసిటీని 400తోనే పోల్చి, పైగా క్యాలెండర్ వేరియన్స్ విడిగా తీసేవాళ్లు ఉంటారు. అప్పుడు 96,000 రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. నిష్పత్తులు అడిగితే: కెపాసిటీ 340/400, అంటే 85 శాతం. ఎఫిషియెన్సీ 320/340, అంటే 94.12 శాతం. ఈ రెంటినీ గుణిస్తే యాక్టివిటీ 80 శాతం.

క్యాలెండర్ 96,000 ఎవరి మీదా రుద్దేది కాదు, అయితే బడ్జెట్ వేసినవాళ్లకు ఒక ప్రశ్న వేస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. క్వారీలో నీళ్లు నిలుస్తాయి, బ్లాకుల లారీలు కదలవు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు కానీ, నవంబరులో కొన్ని రోజులు వానకు పోతాయన్నది తెలిసిన సంగతే. ఏటా పోయే రోజుల్ని బడ్జెట్‌లోనే తీసేయాలి. సంక్రాంతి సెలవులూ అంతే. తెలిసిన సెలవుల వల్ల క్యాలెండర్ వేరియన్స్ వస్తోందంటే తప్పు బడ్జెట్‌ది.

కెపాసిటీ 84,000 దగ్గర మాత్రం కాస్త ఆగి చూడాలి. మొత్తం లెక్కలో పని చేయించగల అంకె ఇదే. అయితే 28 గంటలు ఎందుకు పోయాయో మీ ట్యాలీలో ఉండదు, లైను పక్కన వేలాడే లాగ్‌బుక్కులో ఉండాలి. నోటుబుక్కులో అయిదు గడులు గీస్తే చాలు: తేదీ, షిఫ్టు, ఆగిన టైము, మళ్లీ మొదలైన టైము, కారణం. కారణాన్ని వ్యాసంలా రాయనివ్వకండి, ముందే కోడ్‌లు ఇవ్వండి: క = కరెంటు లేదు, శ = కోసిన శ్లాబులు రాలేదు, ర = రిపేరు, ఆ = ఆర్డరు లేదు. పావుగంటకు మించిన ప్రతి ఆగుడూ రాయాలి, షిఫ్టు దిగే ముందు ఫోర్‌మన్ సంతకం పెట్టాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాయిస్తే అంతా "కరెంటు" అనే వస్తుంది. ఎవరికీ కోపం రాని కారణం అదొక్కటే కదా. దాన్ని పట్టుకోవడానికి జనరేటర్ డీజిల్ పుస్తకం పక్కన పెట్టండి. కరెంటు పోయిందన్న గంటలకు డీజిల్ వాడకమైనా కనపడాలి, జనరేటర్ ఎందుకు వేయలేదో రాసైనా ఉండాలి.

ఉదాహరణకు 28 గంటల్లో కరెంటుకు 11, శ్లాబులు రాక 12, రిపేరుకు 5 అని తేలిందనుకోండి. అవి వరసగా 33,000, 36,000, 15,000. ఇందులో పాలిషింగ్ ఫోర్‌మన్ జవాబు చెప్పాల్సింది 15,000కే. శ్లాబులు రాకపోవడం గ్యాంగ్‌సా (బ్లాకును శ్లాబులుగా కోసే మిషను) దగ్గరి సమస్య. అక్కడ బ్లేళ్లు సమయానికి మార్చలేదో, బ్లాకే రాలేదో చూడాలి. పని ఆగిపోయే ఇరుకు చోటు గ్యాంగ్‌సానే అయినప్పుడు పాలిషింగ్ లైనులో ఎంత కెపాసిటీ వేరియన్స్ వచ్చినా, పాలిషింగ్ మనుషుల్ని తొందరపెట్టి లాభం లేదు. యూనిట్ మొత్తానికి ఒకే రేటు పెట్టిన చోట ఈ తేడా కనపడదు. గ్యాంగ్‌సాకు ఒక గంట రేటు, పాలిషింగ్‌కు ఒక గంట రేటు విడివిడిగా పెట్టండి, అంతకంటే ఎక్కువ విభాగాలు ఇంత చిన్న యూనిట్‌కు అక్కర్లేదు.

ఇక ఎఫిషియెన్సీ 60,000. ఇది మనుషులు నెమ్మదిగా పనిచేశారన్న నింద మోస్తుంది కాబట్టి బయటపెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి: ఆ 48,000 అడుగులూ ఒకే రకం సరుకా? పెద్ద శ్లాబు గంటకు 150 అడుగులు వస్తే, సైజుకు కోసిన టైల్స్ గంటకు 100 అడుగులే వస్తాయనుకుందాం. మీ సరుకులో 42,000 శ్లాబులు, 6,000 టైల్స్ అయితే ప్రమాణ గంటలు 280, 60 కలిపి 340. లైను తిరిగింది 340. అంటే ఎఫిషియెన్సీ వేరియన్స్ సున్నా! అడుగుల్లో కొలిచినందుకు 60,000 నష్టం పుట్టుకొచ్చింది, ప్రమాణ గంటల్లో కొలిస్తే మాయమైంది. రెండో రకం సరుకు మొదలైన రోజు నుంచే అడుగుకు 20 అన్న రేటు పనికిరాదు, శ్లాబుకు 20, టైలుకు 30 అవుతుంది. అప్పుడు అబ్సార్బ్ అయిన మొత్తం కూడా 10,20,000కు మారి, వాల్యూమ్ వేరియన్స్ 1,80,000కు తగ్గుతుందని మరవకండి.

రీపాలిష్ సంగతి దీనికి ఎదురు. మెరుపు సరిగా రాలేదని వెనక్కి పంపిన శ్లాబు రెండోసారి లైను ఎక్కినప్పుడు గంటలు అసలు గంటల్లోకి వస్తాయి, అడుగులు మాత్రం రెండోసారి లెక్కలోకి రాకూడదు. కొన్నిచోట్ల షిఫ్టు రిపోర్టులో "లైను మీద నుంచి దిగిన అడుగులు" రాస్తారు, అందులో రీపాలిష్ రెండుసార్లు ఉంటుంది. యార్డు ఎంట్రీ పుస్తకంలోని మంచి సరుకు అడుగులే తీసుకోండి. షిఫ్టు రిపోర్టుకూ యార్డు పుస్తకానికీ తేడా ఎంతో రాసి పెట్టుకుంటే, ఎఫిషియెన్సీ వేరియన్స్‌కు కారణం చాలావరకు అక్కడే దొరకొచ్చు.

ఇంతదాకా 3,000 రేటును ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశ్నించాలి. మిషను అమ్మినవాళ్లు చెప్పిన రోజుకు 24 గంటలు, 30 రోజులు పట్టుకుంటే 720 గంటలు, రేటు 1,667 దాకా వస్తుంది. అప్పుడు సరుకు చవగ్గా కనిపిస్తుంది, ఆ చవక చూసి ధర తగ్గించి ఆర్డర్లు తెస్తారు, ప్రతి నెలా పెద్ద ప్రతికూల వాల్యూమ్ వేరియన్స్ వస్తుంది, రెండు మూడు నెలలకు దాన్ని చూడటమే మానేస్తారు. స్టాక్ విలువకు మాత్రం మీకు ఎంపిక లేదు. స్టాక్ విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణాలు ఏఎస్ 2 ప్రకారమైనా, ఇండ్ ఏఎస్ 2 ప్రకారమైనా స్థిర ఉత్పత్తి ఖర్చును సాధారణ కెపాసిటీ మీదే పంచాలి. అంటే నిర్వహణకు మామూలుగా పోయే సమయం తీసేసి, కొన్ని కాలాల సగటున ఆశించగల ఉత్పత్తి. ఉత్పత్తి తగ్గిన నెలలో అడుగు మీద వేసే ఖర్చు పెంచకూడదు, మోయని భాగం ఆ కాలపు లాభనష్టాల్లోకి పోవాలి.

చాలామంది 12,10,000ని 48,000తో భాగించి అడుగుకు 25.21 వేసేస్తారు. చివర్లో 9,000 అడుగుల శ్లాబులు యార్డులో మిగిలాయనుకుంటే, స్టాక్ 46,875 ఎక్కువ కనిపిస్తుంది, లాభమూ అంతే పెరిగి కనిపిస్తుంది. బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లోనూ అదే విలువ పోతుంది, డ్రాయింగ్ పవర్ (బ్యాంకు లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చో) దాని మీదే లెక్కకడతారు. ఆడిట్‌లో సరిదిద్దినప్పుడు లిమిట్ ఒక్కసారిగా తగ్గుతుంది. దీనికి తలకిందులుగా, వేరియన్స్ అనుకూలంగా తెప్పించడానికి అమ్ముడుపోని సైజులు కోసి యార్డు నింపడం కూడా జరుగుతుంది. గంటలు నిండుతాయి, వాల్యూమ్ వేరియన్స్ పచ్చగా కనపడుతుంది, బ్లాకు మీద పెట్టిన డబ్బు రాయి రూపంలో ఎండలో పడి ఉంటుంది. అందుకే వాల్యూమ్ వేరియన్స్ పక్కన యార్డు స్టాక్ అంకె లేకుండా ఏ రిపోర్టూ ఇవ్వకండి.

నెల్లూరు వైపు రైస్ మిల్లుల్లో ఇదే ప్రశ్న ఇంకోలా వస్తుంది కాబట్టి అదీ చెబుతాను. ఏడాదికి స్థిర ఖర్చు 36 లక్షలు, ఆడే ధాన్యం 18,000 టన్నులు, టన్నుకు 200 అనుకోండి. రబీ కోతల తర్వాత ఏప్రిల్లో 3,000 టన్నులు ఆడుతుంది, అక్టోబరులో 400. బడ్జెట్‌ను పన్నెండుతో భాగించి నెలకు 1,500 టన్నులు అని పెడితే ఏప్రిల్లో 3,00,000 అనుకూలం, అక్టోబరులో 2,20,000 ప్రతికూలం. రెండు నెలల్లోనూ మేనేజరు చేసిందేమీ లేదు, పంట వచ్చే తీరే అంత. టన్నుల బడ్జెట్‌ను నెలనెలకు వచ్చే ధాన్యాన్ని బట్టి వేసి, ఏప్రిల్‌కు 3,000, అక్టోబరుకు 400 అని ముందే రాయాలి. రేటు మాత్రం ఏడాదికి ఒకటే, 200. ఏప్రిల్లో 3,400 ఆడితే, పోల్చాల్సింది 3,000తో. ఖర్చు నెలకు 3 లక్షలే పడుతుంది, ఏప్రిల్లో అబ్సార్బ్ అయ్యేది ఎక్కువ, ఆ రుతువుల తేడాను లోపలి రిపోర్టుల్లో విడి ఖాతాలో పెట్టుకుని మార్చి 31కి సరిచూడాలి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకూ ఇదే పద్ధతి. ఒక జాగ్రత్త ఉంది: ఇది మీ లోపలి లెక్కకే. ఇండ్ ఏఎస్ 34 (మధ్యంతర ఫలితాల అకౌంటింగ్ ప్రమాణం) కింద ప్రచురించే త్రైమాసిక ఫలితాల్లో, ఏడాది చివరికి సర్దుకుంటుందని వేరియన్స్‌ను వాయిదా వేయడం కుదరదు.

మళ్లీ మీ ఓనరుగారి దగ్గరికి వద్దాం. ఆయన నిజంగా తెలుసుకోవాల్సిన అంకె 2,40,000 కూడా కాదు. తీయలేకపోయిన 12,000 అడుగులకు ఆర్డర్లు చేతిలో ఉన్నాయా? ఉంటే, అడుగు అమ్మకం ధర 120, చర ఖర్చులు 85 అనుకుంటే, అడుగుకు మిగిలేది 35. పోయిన మిగులు 4,20,000. వాల్యూమ్ వేరియన్స్ చెప్పే 2,40,000 కంటే చాలా ఎక్కువ. ఆ ఆర్డర్లను వచ్చే నెల తీసి ఇవ్వగలిగితే నష్టం ఆలస్యం వరకే. ఆర్డర్లే లేకపోతే లైను ఆగడం వల్ల పోయింది ఏమీ లేదు, చూడాల్సింది అమ్మకాల వైపు. అడుగుకు 20 రేటుతో వేసిన వేరియన్స్ ఈ మూడు పరిస్థితుల్లోనూ ఒకే 2,40,000 చూపిస్తుంది. మార్జినల్ కాస్టింగ్ వాడే చోట వాల్యూమ్ వేరియన్స్ అసలు పుట్టకపోవడానికి కారణం ఇదే. అక్కడ స్థిర ఖర్చును అడుగుల మీదకు ఎక్కించరు, ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి కొత్త కాగితం తీసుకుని, పైన ఉదాహరణకు అనుకున్న కారణాలు, అంకెల చోట మీకు నిజంగా తేలినవి వేసి, ఈ క్రమంలో రాసి ఇవ్వండి. బడ్జెట్ మీద నిజంగా ఎక్కువైన ఖర్చు 10,000, వాచ్‌మన్. ఇన్సూరెన్స్ 44,000 ప్రీపెయిడ్‌కు మార్చాం. వానకు పోయింది 32 గంటలు. ప్లాంటులో ఆగింది 28 గంటలు: శ్లాబులు రాక 12, కరెంటు 11, రిపేరు 5. టైల్స్ అడుగులు యార్డు పుస్తకంతో సరిచూశాక మిగతా 20 గంటలు చెబుతాం. తీయని 12,000 అడుగుల్లో ఆర్డరున్నవి ఎన్నో మార్కెటింగ్ దగ్గర తీసుకుని పక్కనే రాయండి. ఎదురుగా అయిదో తేదీలోపు ఎవరు ఏం చేయాలో ఒక గడి పెట్టండి. వేరియన్స్ అన్న మాట ఆ కాగితం మీద ఒక్కసారి కూడా అక్కర్లేదు, రూపాయల లెక్క వెనక పేజీలో ఉంటే సరిపోతుంది. ఆయన మొదట వేలు పెట్టేది శ్లాబులు రాని 12 గంటల మీదే, కాబట్టి గ్యాంగ్‌సా లాగ్‌బుక్కు కూడా చేతిలో పట్టుకునే లోపలికి వెళ్లండి.